రాత్రికి ఉండిపోతే నేరమా?

నిన్న రాత్రి పక్కింటావిడ అక్క కొడుకు ఊరికి బస్సు దొరక్క ఆగిపోయాడు. అన్నం పెట్టింది, చాప పరిచింది.
వార్డు ఆఫీసులో మాత్రం పేరు రాయించలేదు.

మా యాంగోన్‌లో, అంటే మయన్మార్‌లో, అది నేరం.

రాత్రి ఇంట్లో బయటివాళ్లెవరు పడుకున్నా చెప్పి తీరాలి. తెల్లవాళ్ల 1907 చట్టాల నాటి పద్ధతి ఇది. 2016లో తీసేశారు. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కిన రెండు వారాల్లోపే మళ్లీ తెచ్చింది.

రోడ్డు ఖాళీగా ఉన్నా నేను ఎర్ర లైటు దాటను. అక్కడ ఇంకొకరి ప్రాణం ఉంది. మరి ఈ నియమం ఎవర్ని కాపాడుతోంది? అర్ధరాత్రి తలుపు కొట్టి, ఎవరున్నారో వెతకడానికి తప్ప?

ఒకప్పుడు తెలుగు తీరం నుంచి ఓడెక్కి ఇదే ఊరికి, అప్పటి రంగూన్‌కి, వచ్చిన మన కూలీలూ ముందొచ్చినవాళ్ల ఇరుకు గదుల్లోనే సర్దుకున్నారు. గదిలో ఇంతమందే ఉండాలన్న లైసెన్సు లెక్కకు మించి. ఆ లెక్క ఆరోగ్యం కోసమే, కాదనను. కానీ కొత్తగా దిగినవాణ్ని వీధిలో పడుకోమనగలమా?

పక్కింటావిడ చేసింది సరైన పనేనని నా నమ్మకం. భయపడుతూనే చేసింది, అందుకు ఇంకా గౌరవం.

'చట్టం చట్టమే' అనేవాళ్లు కూడా చెప్పండి. మీరైతే ఏం చేసేవారు?