ముందుగా చెప్పే బోర్డు

రోడ్డు పనుల దగ్గర నారింజ రంగు డ్రమ్ములు మీరూ చూసే ఉంటారు. అవి లారీని ఆపలేవు. పదేళ్ళుగా హైవే పనుల్లో ఉన్నవాణ్ణి. నాకు తెలిసి అక్కడ మనిషిని కాపాడేది దూరమే.

గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు చూసి, బ్రేకు తొక్కి, బండి ఆగడానికి 120 మీటర్లు కావాలని మన రోడ్డు లెక్క. అందుకే బోర్డులు బండ్లు వచ్చే వైపు నుంచి పెట్టుకుంటూ వస్తాం. తీసేటప్పుడు ఆ మొదటి బోర్డునే ఆఖరున తీస్తాం.

వీటికోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఎస్పీ 55 అనే పుస్తకమే ఉంది. జెండా పట్టుకుని నిలబడేవాళ్ళు దాన్ని చదవరు. సూర్యాపేట దగ్గర రోజుకూలీకి జెండా ఊపే ఒకామె రెండోరోజే అడిగింది: "సారూ, ఆ బోర్డు ఇంకింత ముందల పెట్టియ్యరాదూ? బండ్లు మీదికొచ్చినంక బ్రేకులేస్తున్నరు."

కొలిస్తే దూరం లెక్క ప్రకారమే ఉంది. కానీ రోడ్డు అక్కడ దిగుడు. లోడు లారీకి ఆ దూరం చాలదు. బోర్డును మిట్ట మీదికి జరిపించాం.

ఎన్ని మీటర్లు జరిపామని ఆమె అడగలేదు. సాయంత్రం బ్రేకుల చప్పుడు తగ్గిందని మాత్రం చెప్పింది.