చిరునామా దాచిన ఇల్లు

వేల్స్ చూడటానికి వచ్చిన మనవాళ్ళని కార్డిఫ్ కోటకీ, స్నోడన్ కొండకీ, సముద్రపు ఒడ్డుకీ తిప్పుతాం. వాళ్ళు గొర్రెల మందలనీ పచ్చిక బయళ్ళనీ కెమెరా నిండా నింపుకుని వెళ్తారు. ఈసారి మీకు అలాంటి జాబితాల్లో కనిపించని ఒక చోటు గురించి చెప్తాను. దాని పేరు వర్క్‌హౌస్. వెల్ష్ భాషలో దానికి ‘త్లోటీ’ అని ఓ మాట ఉంది. ‘త్లౌడ్’ అంటే పేద, ‘టీ’ అంటే ఇల్లు. పేదల ఇల్లన్నమాట!

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది గుంటూరు. పద్దెనిమిదేళ్ళుగా కార్డిఫ్‌లో కంప్యూటర్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. మా ఆవిడ ఇక్కడి అమ్మాయే. పిల్లలిద్దరూ మా అమ్మని నాయనమ్మ అనీ, మా అత్తగారిని ఇక్కడి పద్ధతిలో ‘మామ్‌గీ’ అనీ పిలుస్తారు. బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నప్పుడు నా వైపు కొమ్మలు చకచకా నిండిపోయాయి. ఏటా తద్దినం పెట్టే ఇంట్లో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మరిచిపోవడం కష్టం కదా! వాళ్ళమ్మ వైపు మాత్రం మామ్‌గీ తల్లి దగ్గర చెట్టు ఆగిపోయింది. “మా అమ్మ 1908లో కౌబ్రిడ్జ్ రోడ్డులో పుట్టింది, అంతే” అనేవారు ఎనభై దాటిన మా అత్తగారు. ఆ ‘అంతే’ తర్వాత ఇంకో ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

జనన ధ్రువపత్రం తెప్పించాం. తండ్రి పేరు ఉండాల్సిన గడి ఖాళీ. పుట్టిన చోటు దగ్గర ఒక నంబరు, రోడ్డు పేరు, అంతే. ఆ నంబరు ఎవరిదా అని వెతికితే, అది కార్డిఫ్ వర్క్‌హౌస్ అని తేలింది. ఇందులో మోసం ఏమీ లేదు. వర్క్‌హౌస్‌లో పుట్టిన బిడ్డల పత్రాల మీద ఆ మాట రాయకుండా మామూలు చిరునామా వేయమని 1904లో రిజిస్ట్రార్ జనరల్ సూచించారు. పుట్టుకతో వచ్చిన మచ్చ జీవితమంతా వెంటపడకూడదని!

ఇంతకీ ఆ మచ్చ ఏమిటి? 1834లో వచ్చిన కొత్త పూర్ లా చట్టం ప్రకారం కొన్ని ఊళ్ళని కలిపి ఒక ‘యూనియన్’ చేసి, అందులోని పేదల కోసం వర్క్‌హౌస్ నడిపేవారు. పని లేనివాళ్ళు, ముసలివాళ్ళు, రోగులు, అనాథలు, పెళ్ళి కాకుండా తల్లులైన ఆడపిల్లలు ఇక్కడికి చేరేవారు. లోపలి బతుకు బయటి కూలివాడి బతుకు కంటే మెరుగ్గా ఉండకూడదన్నది సిద్ధాంతం. అందుకే లోపల అడుగు పెట్టగానే మొగుడు ఒకవైపు, పెళ్ళాం ఒకవైపు, పిల్లలు మరోవైపు. సొంత బట్టలు తీసేసి యూనిఫాం తొడిగేవారు. రాళ్ళు కొట్టడం, పాత తాళ్ళు విప్పి పీచు తీయడం లాంటివి పనులు.

ఈ ఆలోచన సముద్రం దాటి మన దాకా కూడా వచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ సహాయ పనుల కూలీలకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నారు సర్ రిచర్డ్ టెంపుల్. సాయం ఎక్కువైతే జనం సోమరులైపోతారన్న అదే భయం!

వెల్ష్ జనం కూడా ఊరుకోలేదు. 1843 జూన్ 19న రెబెకా ఉద్యమకారులు కార్మార్థెన్ వర్క్‌హౌస్‌లోకి చొరబడితే గుర్రపు దళం వచ్చి చెదరగొట్టింది. ఆఫ్రికాలో లివింగ్‌స్టన్‌ని వెతికి పట్టుకున్న స్టాన్లీ పేరు పిల్లలు వినే ఉంటారు. ఆయన 1841లో డెన్బీలో జాన్ రోలాండ్స్‌గా పుట్టి, సెయింట్ ఆసఫ్ వర్క్‌హౌస్‌లో పెరిగినవాడే.

కౌబ్రిడ్జ్ రోడ్డు వర్క్‌హౌస్ తర్వాతి కాలంలో సెయింట్ డేవిడ్స్ ఆస్పత్రి అయింది. పాత ముందుభాగం ఇప్పటికీ నిలబడి ఉంది. నేను వారానికి రెండుసార్లు దాని ముందు నుంచే కారులో వెళ్తాను! కానీ లోపల ఎలా ఉండేదో పిల్లలకి చూపించాలంటే ఇక్కడ కుదరదు. అందుకని ఒక శనివారం పులిహోర డబ్బాలో పెట్టుకుని ఉత్తరానికి, పొవిస్ కొండల్లోని హ్లాన్‌వహ్లిన్‌కి బయల్దేరాం. నాలుకని ‘ల’ దగ్గర ఆనించి గాలి ఊదాలట. మా పిల్లలు దారి పొడవునా నా చేత పలికించి నవ్వుకున్నారు.

అక్కడి వర్క్‌హౌస్ 1830ల చివర్లో కట్టింది. 1930 దాకా వర్క్‌హౌస్‌గా, ఆ తర్వాత 1982 వరకు వృద్ధాశ్రమంగా నడిచింది. ఇప్పుడొక ట్రస్టు చేతిలో ఉంది. శిలువ ఆకారంలో భవనం, చుట్టూ నాలుగు పెరళ్ళు. మగవాళ్ళకి, ఆడవాళ్ళకి, అబ్బాయిలకి, అమ్మాయిలకి ఒక్కొక్కటి. మా అమ్మాయి ఒక పెరట్లో, ఎనిమిదేళ్ళ మావాడు ఇంకో పెరట్లో నిలబడ్డారు. నడుమ భవనం అడ్డం. నిమిషం గడవకముందే “అక్కా, ఉన్నావా?” అని వాడి కేక. మా ఆవిడ పరుగెత్తుకెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. ఆ రోజు ఇంకేమీ వివరించనవసరం లేకపోయింది.

తర్వాత కార్డిఫ్‌లోని గ్లామోర్గన్ ఆర్కైవ్స్‌లో పాత రిజిస్టరు తెరిచాం. మా అత్తగారి అమ్మమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇళ్ళలో పనిమనిషి. నిండు నెలల్లో చేరింది. ప్రసవమైన అయిదు వారాలకి వెళ్ళిపోయింది, “బిడ్డతో” అని రాసి ఉంది. 1911 జనాభా లెక్కల్లో మళ్ళీ దొరికింది. ఒక అద్దె గదిలో, బట్టలుతికే పని చేసుకుంటూ, పక్కనే మూడేళ్ళ కూతురు.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అని వారం రోజులు ఇంట్లో తర్జనభర్జన పడ్డాం. చివరికి మా ఆవిడే కాగితాలు ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. “అమ్మ చివరి రోజుల్లో ఏ ఆస్పత్రికైనా వస్తాను కానీ ఆ రోడ్డులో దానికి మాత్రం రానంది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది” అన్నారు. కాసేపాగి, “అమ్మమ్మ మా అమ్మని వదిలిపెట్టలేదు, చూశావా” అన్నారు. ఎనభై ఏళ్ళు దాచుకున్న సిగ్గు స్థానంలో ఆ మొహంలో మొదటిసారి గర్వం కనిపించింది.

మీ ఇంట్లో కోడలో, అల్లుడో, పక్కింటి పెద్దావిడో ఇలాగే ఆగిపోయిన చెట్టుతో ఉంటే కాస్త సాయం చేయండి. ఇంగ్లాండ్, వేల్స్ జనన మరణాల సూచిక ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. 1921 దాకా జనాభా లెక్కలు తెరిచి ఉన్నాయి. వేల్స్ నేషనల్ లైబ్రరీ వారు 1919 వరకు పాత వార్తాపత్రికలని ఉచితంగా పెట్టారు. రోడ్డు నంబరు మాత్రమే ఉన్న చిరునామా కనిపిస్తే ఒక్కసారి ఆగి చూడండి.

మా పిల్లల వంశవృక్షంలో ఇప్పుడా బట్టలుతికిన ముత్తవ్వ పేరు, గుంటూరు ముత్తాత పేరుకి ఎదురుగా, అంతే పెద్ద అక్షరాలతో ఉంది.