గోడ దాటిన వైఫై

ఓ వదినె, చింతకాయ తొక్కు ఇంత పెడ్తవా? గిన్నె గోడ మీద పెట్టిన చూడు. నిన్న మా చిన్నోడు ల్యాప్‌టాప్ పట్టుకొని రోడ్డెంబడి ఎందుకు తిరిగిండని అడిగినవు గదా, చెప్త ఆగు.

మెట్టుగడ్డ దిక్కు ఒక ఆఫీసున్నది, పేరెందుకులే. వైఫై పైలంగ ఉన్నదా లేదా చూడుమని ఆడి సార్లు పిలిచిండ్రు. మావోడు ముందుగాల కాయిదం మీద సంతకం పెట్టించుకున్నడు. అడగకుంట జొరబడితే 2000ల వచ్చిన ఐటీ చట్టం కింద కేసైతదట.

సీదా లోపలికి పోతడనుకున్న. లేదు, గోడ చుట్టే తిరిగిండు. ఏందిరా అంటే, "మన పిల్లలమర్రి చూసినవు గదమ్మా, మొదలు ఏడ, ఊడలు ఏడ? గిది గూడ గంతే" అన్నడు. వైఫై డబ్బా మేడమీదున్నది, సిగ్నలేమో రోడ్డవతల చాయ్ బండికాడ నిండుగ వస్తున్నది.

లోపలి కథ ఇంకా మంచిగుంటది. పాస్‌వర్డు నోటీసు బోర్డు మీదనే రాసిపెట్టిండ్రు, చాయ్ తెచ్చే పోరనికి గూడ నోటికొచ్చు. నౌకరి ఇడిసి నాలుగేండ్లైన ఒకాయన బండి మీద అట్ల పోతుంటే ఆయన ఫోను దానంతటదే కలుస్తున్నదట! డబ్బాల అడ్మిన్ పాస్‌వర్డు కొన్ననాడు ఏదో ఇప్పుడూ అదే. పైసల లెక్కలు చూసే కంప్యూటరు, పనిమీద వచ్చిపోయేటోళ్ల ఫోన్లు అన్ని ఒక్క వైఫై మీదనే.

డబ్బాకు పాస్‌వర్డు కొట్టకుంటనే ఫోను కలిపేతందుకు డబ్ల్యూపీఎస్ అని ఒక బొత్తముంటది. దానికి 8 అంకెల పిన్ను. ఎవరు కనిపెడ్తరులే అనుకుంటం. కానీ పాత డబ్బాలు ముందటి 4 అంకెలు వేరే, ఎనకటియి వేరే సరిచూస్తయి. ఆఖరుది ముందటి ఏడింటిని బట్టి లెక్కగట్టి పెట్టేదే. అందుకని 11,000 సార్లు కొడితే చాలు, దొరికిపోతది. 2011లనే బయటపడ్డ సంగతి, ఈ ఆఫీసుల ఇంకా బందు పెట్టలే.

ఏమైతదిలే అనకు. 2008ల అహ్మదాబాద్ బాంబులప్పుడు బెదిరింపు మెయిలు నవీ ముంబైల ఎవరిదో తాళం లేని వైఫై మీదికెళ్లి పోయింది. పోలీసులొచ్చింది ఆ ఇంటికే. పంపినోడు ఇంకొకడు, జవాబు చెప్పుకున్నది ఇంటాయన.

మావోడు రాసిచ్చింది రెండు పేజీలే. పాస్‌వర్డులు మార్చుడు, బొత్తం బందు పెట్టుడు, వచ్చినోళ్లకు వేరే వైఫై పెట్టుడు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

అసలు నీకు చెప్పాల్సింది ఇంకోటున్నది. మీ వైఫై మా వంటింట్ల నిండుగ వస్తది. మీ పెద్దోని పుట్టిన తేదీ కొట్టి చూసిన, తెరుసుకున్నది. ఆర్నెల్ల సంది నా సీరియల్లన్ని దానిమీదనే. ఇయ్యాల్నే మార్చు వదినె. మార్చినంక నాకు గూడ చెప్పకు. తొక్కు మాత్రం ఇయ్యి.