తేలిక తుపాకీ, బరువైన బాధ్యత

దుర్గ్, భిలాయిల్లో లైసెన్సు రైఫిల్ ఉన్నవాళ్లను ఏ బోరు అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు .315. ఇది వేటగాడు కోరి ఎంచుకున్నది కాదు, చట్టం అతనికి మిగిల్చింది. సైన్యం వాడే .303 తూటా మామూలు జనం చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆ బోరును నిషేధించింది. దాంతో సైనిక గిడ్డంగుల్లో దొరకని మరో తూటాతో, లీ ఎన్‌ఫీల్డ్ నమూనాలోనే ఈ రైఫిల్ వాడుకలోకి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని తయారుచేసింది. దీని గుండు బరువు దాదాపు 16 గ్రాములు. బరువెక్కువ, వేగం తక్కువ. దూరం పెరిగేకొద్దీ త్వరగా కిందికి వాలిపోతుంది.

మా తాతయ్య 1960లలో శ్రీకాకుళం నుంచి భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు. దల్లీ రాజహరా ఇనుప గనుల వైపు అడవుల్లోకి ఆదివారాలు వేటకెళ్లే లైసెన్సుదారుల వెంట ఆయనా నడిచేవారు. తుపాకీ వాళ్లది, మోత ఈయనది. అందుకే ఆయన కబుర్లలో దుప్పి కంటే రైఫిల్ బరువే ఎక్కువగా వినిపించేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో ఆ ఆదివారాలకు తెరపడింది. మా తరానికి చుక్కల దుప్పి అంటే మైత్రీబాగ్ జూలో కంచె అవతల కనిపించే జంతువే.

ఈమధ్య డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, "తమ్ముడూ, దుప్పి వేటకు తేలికపాటి రైఫిల్ కొందామనుకుంటున్నా. ఏ తూటా మంచిదంటావ్?" అని అడిగాడు. ఆయుధ లైసెన్సుల మీద వార్తలు రాస్తుంటానని నన్ను అడిగాడు. వేట నాకు అలవాటు లేదు, ఇష్టమూ లేదు. అయినా ఆ ప్రశ్నను కొట్టిపారేయలేకపోయాను. వాడు వేటాడబోయేది అమెరికా జింకను కాదు, మన చుక్కల దుప్పినే. 1932లో టెక్సస్‌కు తీసుకెళ్లిన ఆ జాతి కంచెలు దాటి అక్కడి కొండప్రాంతంలో మందలుగా పెరిగింది. స్థానిక జింకల మేతకు పోటీ అయింది. బయటినుంచి వచ్చిన జంతువు కాబట్టి దాని వేటకు ప్రత్యేక సీజనంటూ లేదు, వేట లైసెన్సు ఉంటే చాలు. ఇక్కడ అది అచానక్‌మార్ పులికి ఆహారం, తెలంగాణకు రాష్ట్ర జంతువు. అక్కడ దాని సంఖ్యను అదుపుచేసే పులి లేదు.

వాడికి మొదట చెప్పింది కాగితాల సంగతి. హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు తీరిందా, అల్మరాలోని రైఫిలే నేరమైపోవచ్చు. వీసాతో బతుకు ముడిపడిన మనవాళ్లకు తూటా కంటే ముందు తెలియాల్సింది ఇది.

ఇక బరువు. రోజంతా భుజాన మోయడానికి తేలిక రైఫిల్ హాయిగానే ఉంటుంది. పేల్చినప్పుడు మాత్రం ఆ హాయికి వెల చెల్లించాల్సి వస్తుంది. ఒకే తూటాను 4 కిలోల రైఫిల్‌లో కాకుండా 2.7 కిలోల రైఫిల్‌లో పేలిస్తే భుజానికి తగిలే దెబ్బ శక్తి సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. రెండుసార్లు ఆ దెబ్బ తిన్నవాడు మూడోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూస్తాడు, భుజం బిగిస్తాడు. గురి తప్పేది అక్కడే. కాబట్టి రైఫిల్ తేలికైతే తూటా కూడా నెమ్మదైనదే కావాలి. 1955లో వచ్చిన .243 వించెస్టర్ ఆరున్నర గ్రాముల గుండును సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో పంపుతుంది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ గుండు సుమారు 9 గ్రాములు. సరిగ్గా తగిలితే దుప్పికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. పెద్ద బోరుతోనే పెద్ద వేట అన్న అపోహకు జిమ్ కార్బెట్టే జవాబు. 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆయన చంపింది .275 రిగ్బీ అనే తేలిక రైఫిల్‌తోనే.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది "సరిగ్గా తగిలితే" అన్న మాట. గుండె, ఊపిరితిత్తులు ఉండేది ముందుకాలి వెనక చిన్న పళ్లెమంత చోటులో. గుండు అక్కడ తగిలితే జంతువు కొద్ది దూరంలోనే కూలిపోతుంది. పొట్టలోనో కాలికో తగిలితే గంటల తరబడి బాధపడి ఏ పొదలోనో చస్తుంది. అందుకే 3 కిలోలకు తగ్గని రైఫిల్, 6.5 క్రీడ్‌మోర్, మెత్తటి మొనతో లోపల విచ్చుకునే గుండు తీసుకోమన్నాను. కాగితపు పళ్లెం పెట్టి ఎంత దూరం నుంచి పది గుళ్లకు పదీ తగిలించగలడో చూసుకుని, అంతకు ఒక్క మీటరు ఎక్కువైనా అడవిలో పేల్చవద్దన్నాను.

ఛత్తీస్‌గఢ్‌కు మరో జ్ఞాపకం ఉంది. ఉత్తరాన ఉన్న కొరియా సంస్థానం మహారాజు 1947లో మూడు చీతాలను కాల్చారు. దేశంలో ఆఖరివిగా లెక్కకొచ్చినవి అవే. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. ఆయన గురికి లోటు లేదు, లేనిదల్లా ఎక్కడ ఆగాలన్న లెక్కే. మన దగ్గర ఇప్పుడు ఆ లెక్క చట్టం చూసుకుంటోంది. టెక్సస్‌లో దుప్పి వేటకు సీజనే లేదు కాబట్టి ఆ లెక్క చాలావరకు వేటగాడికే వదిలేశారు. రైఫిల్ ఎంత తేలికైనా, దాన్ని దించి ఉత్త చేతులతో ఇంటికి రావాల్సిన రోజులుంటాయి. ఆ రోజులకు సిద్ధపడనివాడికి ఏ తూటా సరిపోదు.