ఆయమ్మ నుంచి సిస్టర్ దాకా

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు నన్ను కూడా ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్ మేడమ్ కబురు పెట్టారు. కథలు, కవితలు రాయడం నాకు చేతకాదు. నేను చెప్పగలిగింది ఒక్క విషయమే. ముప్పై రెండేళ్ల వయసులో, పదేళ్ల కూతురు ఉండగా, నర్సింగ్ స్కూలుకు ఎందుకు దరఖాస్తు పెట్టానో, ఎలా పెట్టానో అదే రాస్తున్నాను. చదువు మధ్యలో ఆగిపోయిన అక్కాచెల్లెళ్లు ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామంది ఉంటారని నాకు తెలుసు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది.

నేను 1995లో ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరాను. మా అమ్మా నాయనా ఇద్దరూ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో పనిచేసేవారు. నాయన హమాలీ. అమ్మ మామిడికాయల పెట్టెల్లో గడ్డి పరిచేది, పాడైన పండ్లు ఏరేది. పొద్దున మూడు గంటలకే లారీలు వచ్చేవి కాబట్టి నన్ను చూసుకునే మనిషి ఇంట్లో ఉండేది కాదు. ఒక ట్రంకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు ఇచ్చి నన్ను హాస్టల్లో వదిలి వెళ్లారు. 2000లో టెన్త్ పాసయ్యాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా బత్తాయి లోడు దించుతూ నాయన నడుము పట్టేసింది. నా చదువు అక్కడితో ఆగింది. 2003లో పెళ్లయింది, 2006లో పాప పుట్టింది. 2008లో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆయాగా చేరాను.

ఆయా పని ఏమిటో అందరికీ తెలుసు. బెడ్‌పాన్ పెట్టాలి, తీయాలి. దుప్పట్లు మార్చాలి. ఆపరేషన్ థియేటర్ బట్టలు ఉతికి మడత పెట్టాలి. లేవలేని పేషెంటును పక్కకు తిప్పాలి. డిశ్చార్జ్ అయ్యాక మంచం కడగాలి. డ్యూటీ నర్సును అందరూ "సిస్టర్" అని పిలిచేవారు. నన్ను "ఆయమ్మా" అనేవారు. పిలుపులో తప్పేమీ లేదు. కానీ కొందరు పేషెంట్ల బంధువులు నేను మందు గ్లాసు అందిస్తే తీసుకునేవారు కాదు, సిస్టర్ వచ్చి ఇవ్వాలనేవారు. అదే మనిషి మలమూత్రాలు ఎత్తేది మాత్రం నా చేతులే. మన ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు ఆ చూపు గురించి నేను వివరించి చెప్పనక్కర లేదు.

నా ఆలోచన మార్చింది మాత్రం ఆ అవమానం కాదు. 2012లో ఒక రాత్రి జరిగిన సంగతి.

కాన్పు అయిన ఒక అమ్మాయికి గుడ్డ మార్చడానికి వెళ్లాను. అరగంట కింద పెట్టిన గుడ్డ పూర్తిగా తడిసిపోయి ఉంది. నీళ్లు కావాలని అడిగింది. మొహం తెల్లగా పాలిపోయింది. నేను పరుగున వెళ్లి సిస్టర్‌ను పిలిచాను. ఆమె వచ్చి దుప్పటి తీసి చూసింది. ఒక చేయి పొట్ట మీద పెట్టి గర్భసంచిని గట్టిగా మర్దన చేస్తూనే, డాక్టరుకు ఫోన్ చేయమని ఒకరికి, సెలైన్ తెమ్మని నాకు చెప్పింది. ఇంజక్షన్ ఎక్కించింది. డాక్టరు వచ్చేసరికి రక్తం తగ్గుముఖం పట్టింది. అమ్మాయి బతికింది.

తెల్లవారాక టీ తాగుతూ సిస్టర్‌ను అడిగాను, "పొట్ట మీద ఎందుకు నొక్కిన్రు?" అని. కాన్పు తర్వాత గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే లోపలి రక్తనాళాలు మూసుకోవని, రక్తం ఆగదని, మర్దన చేస్తే అది గట్టిపడుతుందని ఆమె ఓపికగా చెప్పింది. ఆ గుడ్డ నేనూ చూశాను, ఆమే చూసింది. నాకు భయం వేసింది. ఆమెకు ఏం చేయాలో తెలిసింది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది తెలివి కాదు, కులం కాదు, కేవలం చదువు అని నాకు ఆ రోజు అర్థమైంది.

నర్సింగ్ నేర్చుకుంటానని అంటే నర్సింగ్ హోం వాళ్లు నవ్వి, "కోర్సు ఎందుకు? ఆరు నెలలు సిస్టర్ల వెంట తిరుగు. తెల్ల డ్రెస్ మేమే ఇస్తం" అన్నారు. అలా డ్రెస్ వేసుకున్న పిల్లలు అక్కడ ఇద్దరు ఉన్నారు. ఇంజక్షన్లు కూడా ఇచ్చేవారు. తనిఖీకి ఎవరైనా వస్తే మాత్రం వాళ్లను మేడ మీదికి పంపేవారు. దాక్కోవలసిన డ్రెస్ నాకు వద్దనుకున్నాను.

ముందు ఇంటర్ పూర్తి కావాలి. ఓపెన్ స్కూల్లో ఇంగ్లీషు, తెలుగు, జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకున్నాను. ఆదివారాలు తరగతులకు వెళ్లేదాన్ని. మిగతా రోజుల్లో నైట్ డ్యూటీలో, పేషెంట్లు పడుకున్నాక, మందుల గది లైటు కింద చదివేదాన్ని. 2015లో తెలంగాణ ఓపెన్ స్కూల్ పరీక్షల్లో పాసయ్యాను. పెద్ద మార్కులేం కావు.

ఇక వయసు సంగతి. "నర్సింగ్‌కు పద్దెనిమిదేళ్ల పిల్లలనే తీసుకుంటరు, నీది దాటిపోయింది" అని నాకు చెప్పినవాళ్లను లెక్కపెడితే ఈ పేజీ చాలదు. వాళ్లలో ఒక్కరూ రూలు చూసి చెప్పలేదు. నేను చూపించుకున్నాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం జీఎన్ఎం కోర్సుకు కనీస వయసు 17, గరిష్ఠ వయసు 35. ఇప్పటికే ఏఎన్ఎంగా ఉన్నవాళ్లకైతే ఆ గరిష్ఠ పరిమితి కూడా లేదు. ఇంటర్‌లో కనీసం 40 శాతం మార్కులు ఉండాలి, ఇంగ్లీషు చదివి ఉండాలి, ఆరోగ్యం బాగుండాలి. నాకు అప్పుడు 32. అంటే ఇంకా మూడేళ్లు చేతిలో ఉన్నాయి. జనం నోట దాటిపోయిన వయసు కాగితం మీద దాటిపోలేదు.

ఒక విచిత్రం చెప్తాను. మన దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు ముప్పై, ముప్పై ఐదేళ్ల మగవాళ్లు గదులు కిరాయికి తీసుకుని ఏళ్ల తరబడి చదువుతుంటారు. వాళ్లను ఎవరూ "ఈ వయసులో చదువేంది" అనరు. "ప్రిపేర్ అవుతున్నడు" అంటారు, గౌరవంగా. అదే వయసులో ఒక ఆడది నర్సింగ్‌కు వెళ్తానంటే మాత్రం అందరికీ ఆమె వయసు గుర్తుకొస్తుంది.

తర్వాత పాఠాల్లో తెలిసింది, ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణకు చేరినప్పుడు ఆమె వయసు 31 అని. ఇంట్లోవాళ్లు ఏళ్ల పాటు ఒప్పుకోలేదట. మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి ఇంకా దగ్గరిది. చిన్నతనంలోనే పెళ్లి, తర్వాత స్వాతంత్ర్య పోరాటంలో జైలు. అవన్నీ దాటి వచ్చాకే ఆమె బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి పాసయ్యారు, ఆ తర్వాత ఎం.ఏ., లా కూడా చదివారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో పెద్ద వయసు స్త్రీల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. బడి మానేసిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో చదువు చెప్పి, నర్సులుగా, మంత్రసానులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా శిక్షణకు అర్హులను చేయడమే దాని ఉద్దేశం. అంటే నాలాంటి వాళ్ల కోసం ఒక దారి ఉండాలని నేను పుట్టకముందే ఒక తెలుగు మహిళ ఆలోచించింది. అది చదివినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

2016లో ప్రకటన వచ్చింది. దరఖాస్తు నింపడం కన్నా కాగితాలు సంపాదించడమే కష్టమైంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు, మధ్యలో ఖాళీ ఉన్న ఏళ్లకు నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్, మెడికల్ ఫిట్‌నెస్. బడికి వెళ్లిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్ కావాలి. వెళ్లని ఏళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. స్థానికత తేలేది వీటితోనే. మీసేవలో కొన్ని తొందరగానే వచ్చాయి. కొన్నిటికి డ్యూటీ మానుకుని నాలుగైదుసార్లు తిరిగాను. పదహారేళ్ల కిందటి స్టడీ సర్టిఫికెట్ అడిగితే బడిలో రిజిస్టర్ వెతకాలన్నారు. అప్పుడు మన హాస్టల్ వార్డెన్ మేడమ్ పాత అడ్మిషన్ రిజిస్టర్ తీయించి, నేను చేరిన తేదీ, బడి అడ్మిషన్ నంబరు కాగితం మీద రాసిచ్చారు. దాన్ని పట్టుకుని వెళ్తే బడి రిజిస్టర్లో నా పేరు పది నిమిషాల్లో దొరికింది. హాస్టల్ నాకు అన్నం పెట్టింది ఐదేళ్లే. కానీ నేను ఫలానా అని చెప్పే సాక్ష్యం మాత్రం అన్నేళ్లూ దాచిపెట్టింది.

కాగితాలు పరిశీలించే చోట కౌంటర్లో కూర్చున్న కుర్రాడు ఫైలు తీసుకుని, "పాప రాలేదా అమ్మా?" అన్నాడు. కూతురి కోసం వచ్చాననుకున్నాడు. "పాప నేనే బాబూ" అన్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు సిగ్గుపడి లేచి నిలబడి మరీ కాగితాలు సర్ది ఇచ్చాడు.

మెరిట్ లెక్క ఇంటర్ మార్కుల మీదే. ఎనిమిదేళ్లు వార్డులో చేసిన పనికి ఒక్క మార్కు కూడా కలవదు. మొదటి జాబితాలో నా పేరు రాలేదు. చివరికి ఎల్బీ నగర్ అవతల ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో సీటు దొరికింది. ఈపాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండబట్టి చేరగలిగాను.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే. "బిడ్డకు సదువు చెప్పే వయసుల నువ్వు సదువుకుంటవా?" అని మా అత్తమ్మ. మా ఆయన ఆటో నడుపుతాడు. ఆయన బాధ వేరు. "నెలకు నీ ఆరు వేలు రాకపోతే కిరాయి ఎట్ల కట్టాలె?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆదివారాలు చైతన్యపురిలో ఒక ముసలామెను చూసుకునే పని కుదుర్చుకున్నాను. చిట్టీ ముందే పాడి ఎత్తుకున్నాం. మొదటి నెల మూతి ముడుచుకున్న అత్తమ్మే రెండో నెల నుంచి పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టి పెట్టింది. పాప, నేను ఒకే బల్ల మీద హోంవర్కు చేసుకునేవాళ్లం. నా ఇంగ్లీషు స్పెల్లింగులు అదే దిద్దేది.

క్లాసులో అందరూ నాకన్నా పద్నాలుగేళ్లు చిన్న. మొదట ఆంటీ అన్నారు, తర్వాత అక్కా అన్నారు. అనాటమీ పుస్తకం ఇంగ్లీషులో చూసి ఏడుపొచ్చింది. కానీ బెడ్ మేకింగ్ పాఠం వచ్చిన రోజు, పేషెంటు మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం చూపించమని టీచర్ నన్నే పిలిచారు. ఎన్నో ఏళ్లుగా చేతులకు అలవాటైన పనులకు కారణాలు అక్కడ తెలిశాయి. లేవలేని పేషెంటును రెండు గంటలకోసారి ఎందుకు తిప్పాలి? ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడికి రక్తం అందదు, చర్మం చచ్చి పుండు పడుతుంది. దరఖాస్తులో లెక్కకు రాని నా ఎనిమిదేళ్లు వార్డులో లెక్కకు వచ్చాయి.

2019లో కోర్సు పూర్తయింది. కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయ్యాక ఎల్బీ నగర్ వైపు ఒక ఆసుపత్రిలో చేరాను. కొన్ని నెలలకే 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్‌లో మెట్రో లేదు, బస్సు లేదు. మా ఆయనే అనుమతి కాగితం అద్దానికి అంటించుకుని ఆటోలో డ్యూటీకి దింపేవాడు. ఒకప్పుడు కిరాయి ఎట్ల అని అడిగిన మనిషికి ఆ కొన్ని నెలలు ఇల్లు నడిపింది నా జీతమే.

అంతా పూలబాటే అని రాస్తే అబద్ధం అవుతుంది. 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. వయోపరిమితి 44 ఏళ్లు కాబట్టి నేనూ 2023 ఆగస్టు 2న పరీక్ష రాశాను. పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. నా అనుభవమంతా ప్రైవేటులోనిది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అందులో నా పేరు లేదు. బాధ పడ్డాను, మర్నాడు మళ్లీ డ్యూటీకి వెళ్లాను. ఇంకో ప్రకటన వస్తే ఇంకోసారి రాస్తాను. ఆయాగానే ఉండి ఉంటే రాయడానికి నాకు పరీక్షే ఉండేది కాదు కదా!

మా నాయన మూటలు మోసిన గడ్డిఅన్నారం మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలోనే 2022 ఏప్రిల్‌లో పెద్ద సర్కారు ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అటు పోయినప్పుడల్లా మా అమ్మ, "గక్కడ నీకు నౌకరి రావాలె బిడ్డా" అంటుంది.

చెల్లెళ్లారా, చివరిగా నాలుగు మాటలు. టీసీ, మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు హాస్టల్ వదిలే రోజే తీసుకుని, జిరాక్సులు తీయించి, నీళ్లు తగలని కవర్లో పెట్టుకోండి. చదువు ఆగిపోతే ఓపెన్ స్కూల్ ఉందని మరవకండి. నర్సింగ్ స్కూల్లో చేరేముందు దానికి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. గుర్తింపు లేని చోట మూడేళ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు. అన్నిటికన్నా ముఖ్యం, వయసు దాటిపోయిందని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి, ఆ ఏడాది ప్రకటన తెప్పించుకుని చదవండి. మీ వయసు 34 అయినా ఆ ఏడాది ఇంకా మీదే.

కాగితాల విషయంలో సందేహాలున్న వాళ్లు వార్షికోత్సవం రోజు నన్ను కలవండి. ఆ రోజుకు సెలవు ఇప్పటికే పెట్టుకున్నాను.

– ఒక పూర్వ విద్యార్థిని, 1995–2000 బ్యాచ్