డాక్టరు గారు రాసిన రెండు పంక్తులు

మా చిన్నాయన కుడిచేతి బొటనవేలు 2017 డిసెంబరులో, నంద్యాలలోని ఒక పత్తి జిన్నింగు మిల్లులో పోయింది. యంత్రంలో చిక్కుకున్న పత్తిని లాగబోయారు. మా తాతలు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవారు. పత్తి మా ఇంటికి కొత్త కాదు, యంత్రమే కొత్త. అప్పుడు ఆయనకు నలభై ఏళ్లు.

గంటలోపే ఆయనను నంద్యాలలో ఒక ఆసుపత్రికి చేర్చింది మిల్లు మేస్త్రీయే. ఆ మేలును మేము మరువలేదు. అయితే అక్కడి కాగితంలో “ఇంట్లో గ్రైండరులో చెయ్యి పడింది” అని రాయించిందీ ఆయనే. చిన్నాయన స్పృహలో లేరు. మేము బస్సు దిగి ఆసుపత్రి చేరేసరికి సంతకాలు కూడా అయిపోయాయి. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్ అనుకున్నాం. కాగితంలో ఏముందో ఎవరం చూడలేదు.

ఆళ్లగడ్డకు తీసుకువచ్చాక కట్టు మార్పించడానికి మా డాక్టరు గారి వద్దకు వెళ్లాం. మా జేజి ఆయాసానికీ, మా పిల్లల జ్వరాలకూ ఆయనే దిక్కు. కట్టు విప్పుతూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “ఎట్లా తగిలింది?” రెండవది, “ఏ పని చేస్తుండగా?” చిన్నాయన చెప్పింది చెప్పినట్టు తన పుస్తకంలో రెండు పంక్తులు రాసుకున్నారు. ఆ రెండు పంక్తుల విలువ మాకు నాలుగు నెలల తరువాత తెలిసింది.

మిల్లు యజమాని యాభై వేలు ఇస్తామని, ఇకపై ఏ హక్కూ లేదని రాసి ఇవ్వమని కబురు పంపారు. అటువంటి ఒప్పందం చెల్లదని, పరిహార హక్కును వదులుకునే రాతను 1923 నాటి చట్టమే రద్దు చేస్తుందని మాకు చెప్పింది మసీదులో పరిచయమైన ఒక వకీలు. మరి ఈఎస్‌ఐ లేదా అని అడిగాం. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం కాలానుగుణ కర్మాగారాలకు వర్తించేది కాదట. ఆ జాబితాలో పత్తి జిన్నింగు పేరు పెట్టి మరీ ఉండేది. కనుక జిన్నింగు కూలీకి మిగిలింది ఆ పాత పరిహార చట్టమే. ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవలసి ఉండేది. మేము కర్నూలులోని కార్మిక శాఖ కమిషనరు ముందు పెట్టుకున్నాం. నంద్యాల అప్పటికింకా కర్నూలు జిల్లాలోనిదే.

ఆ చట్టం చివర ఒక పట్టిక ఉండేది. మనిషి అవయవాలకు అందులో శాతాలు కట్టారు. బొటనవేలు పూర్తిగా పోతే 30, చూపుడువేలైతే 14, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. కానీ పట్టికలో లేని గాయాలు కూడా ఉంటాయి కదా. చిన్నాయన చూపుడువేలు, మధ్యవేలు ఊడిపోలేదు, సగమే వంగుతాయి. పిడికిలి బిగియదు. అటువంటి గాయం వలన సంపాదన శక్తి ఎంత తగ్గిందో అర్హత గల వైద్యుడు అంచనా వేయాలని ఆ చట్టం చెప్పేది. అక్కడే మేము తప్పటడుగు వేశాం.

జేజిని వెంటబెట్టుకుని డాక్టరు గారి వద్దకు వెళ్లి, “అరవై శాతమని రాయండి సార్” అని అడిగాం. జేజి ఆయన చేతులు పట్టుకున్నది. ఆయన కోపగించుకోలేదు. “అమ్మా, అబద్ధపు సర్టిఫికెట్టు రాస్తే నా పేరు వైద్యుల పట్టిక నుండి తీసేస్తారు. అంతకన్నా ముందు, అందులో ఒక్క అబద్ధం దొరికితే నీ కొడుకు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు” అన్నారు. స్వజనానికి ప్రతికూలమైనా సాక్ష్యంలో న్యాయం తప్పవద్దన్న ఖుర్‌ఆన్ ఆదేశాన్ని చిన్ననాటి నుండి వింటున్న మేము తల దించుకుని తిరిగి వచ్చాం.

ఆ యజమాని తల్లికి కూడా ఆయనే వైద్యులని మాకు తెలుసు. ఆయన తప్పుకుంటారేమోనని భయపడ్డాం కూడా. ఆయన చేసిందల్లా ఒక్కటే: మేము రాతపూర్వకంగా అడిగిన రెండు రోజులకు తన పుస్తకంలోని పుటల నకళ్లు ఇచ్చారు. రోగి కోరితే 72 గంటలలోగా ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి. ఎంతమంది ఇస్తున్నారో పాఠకులకు తెలియనిది కాదు. ఏ వేలు ఎన్ని డిగ్రీలు వంగుతున్నదో, పట్టు ఎంత తగ్గిందో నెలనెలా కొలిచిన వివరాలు అందులో ఉన్నాయి.

యజమాని తరఫున వేరొక వైద్యుడు కూడా చిన్నాయనను పరీక్షించారు. అది వారి హక్కు. కాదంటే మన హక్కు నిలిచిపోతుంది. ఆయన బొటనవేలికి 30 శాతం రాసి ఊరుకున్నారు. గ్రైండరు కాగితాన్ని కూడా వారు దాఖలు చేశారు.

విచారణ రోజున మా డాక్టరు గారు వైద్యశాల మూసి కర్నూలు వచ్చారు. “మీరు ప్రమాదం చూశారా?” అని అవతలి వకీలు అడిగారు. “చూడలేదు. రోగి చెప్పింది రాశాను. నా వద్దకు వచ్చిన మొదటి రోజునే రాశాను, అప్పటికి ఏ కేసూ లేదు” అన్నారు. శాతం గురించి అడిగితే, వేళ్ల కొలతలు చెప్పి, అటువంటి చేత్తో బస్తా పట్టి ఎత్తలేడని మాత్రం అన్నారు. మా వకీలు సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో ఇచ్చిన తీర్పును చూపారు. ఎడమచెయ్యి పోయిన ఒక వడ్రంగికి ఇంకొక చెయ్యి మిగిలే ఉన్నా, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక నూటికి నూరు శాతం నష్టమేనని అందులో తేల్చారు.

కమిషనరు 40 శాతంగా నిర్ణయించారు. చిన్నాయన జీతం తొమ్మిదిన్నర వేలైనా చట్టం అప్పట్లో 8,000 వరకే లెక్కించేది. ఆ పరిమితి 15,000 అయింది 2020 జనవరిలో. అందులో 60 శాతాన్ని నలభై ఏళ్ల వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చించి, అందులో 40 శాతం కట్టగా 3,53,606 రూపాయలు వచ్చాయి. పైన 12 శాతం వడ్డీ. ఆ సొమ్ముతో చిన్నాయన ఇంటి ముందు చిన్న కిరాణా అంగడి పెట్టుకున్నారు. తక్కెడ ఎడమచేత్తోనే పడతారు.

డాక్టరు గారికి ఆ రోజు ఫీజు ఇవ్వబోతే బస్సు ఖర్చు మాత్రం తీసుకున్నారు. యజమాని తల్లి ఇప్పటికీ మధుమేహానికి మందు కోసం అక్కడికే వస్తారు. మొన్నొక శుక్రవారం, జుమాకు ముందు మేము వెళ్లినప్పుడు ఆమె, చిన్నాయన ఒకే బల్ల మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు.