దమ్ము అంతా ధూళి వల్లనే కాదు

మన సోలాపూర్‌లో ఎవరికి దమ్ము వచ్చినా ముందు అనే మాట ఒక్కటే: "మిల్లు దూది పట్టింది." ఆడవాళ్ళకైతే "పొగాకు ధూళి" అంటాం. మా వదిన విషయంలో రెండేళ్ళు అదే మాట నడిచింది. గల్లీ డాక్టరు దగ్గు సీసా ఇచ్చేవాడు. వారం తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది.

వదిన బీడీలు చుడుతుంది. కూర్చున్నంతసేపు బాగానే ఉండేది. నీళ్ళ బిందెతో మెట్లెక్కితే మాత్రం మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. రాత్రి రెండు తలగడలు లేనిదే పడుకోలేకపోయేది. ఒక్కోసారి అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చునేది. సాయంత్రానికి పాదాలు వాచేవి. పెద్ద దవాఖానలో ఇవన్నీ ఒక్కచోట చేర్చి చెబితే, డాక్టరమ్మ స్టెతస్కోపు ఎడమ రొమ్ము కింద పెట్టి, చంకవైపు జరుపుతూ చాలాసేపు విన్నది. "గుండె చప్పుళ్ళ మధ్య ఊదినట్టు శబ్దం వస్తోంది. ఎకో తీయాలి" అన్నది.

బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్ళకు వాల్వు సంగతి చెప్పక్కర్లేదు. గుండెలో అవి 4 ఉంటాయి. ఎడమవైపున్న మైట్రల్ వాల్వు సరిగా మూసుకోకపోతే, ఒంటికి పోవలసిన నెత్తురు కొంత వెనక్కి తంతుంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడి దమ్ము వస్తుంది. గుండె కూడా సాగి పెద్దదవుతుంది. ఇ.సి.జి., ఎక్స్‌రే కొంత సూచన ఇస్తాయి గాని, లీకు ఎంతో తేల్చేది ఎకోనే. సూది లేదు, నొప్పి లేదు. ఛాతీకి జెల్ రాసి పరికరం తిప్పుతారు. వెనక్కి పోయే నెత్తురు తెరమీద రంగుల్లో కనబడింది.

"చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్ళు వాచాయా?" అని డాక్టరమ్మ అడిగింది. వదినవాళ్ళ అమ్మకు గుర్తుంది: పదేళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చి తగ్గాక మోకాళ్ళు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాచాయట. అదే రుమాటిక్ జ్వరం. కీళ్ళు బాగవుతాయి, వాల్వు మీద దెబ్బ మిగిలిపోవచ్చు. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకే ఇది ఎక్కువ. ఆ గొంతు నొప్పికి వేళకు పెన్సిలిన్ పడితే జ్వరం రాకుండా ఆపవచ్చు. ఒకసారి వచ్చినవాళ్ళకు 3, 4 వారాలకో సూది ఏళ్ళ తరబడి వేయాలి.

లీకు కొంచెమే అయితే అప్పుడప్పుడు ఎకో చూసుకుంటూ ఉంటే చాలు. వదినది ఎక్కువే. వాల్వు బాగుచేయడమా, మార్చడమా ఇంకా తేలలేదు. మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజనకు రేషన్ కార్డుతో కాగితాలు పెట్టాం.

మీ ఇంట్లో తలగడలు పెంచుకుంటున్నవాళ్ళు ఉంటే దగ్గు సీసాతో ఊరుకోకండి. "డాక్టర్‌గారూ, గుండె కూడా ఒకసారి వినండి" అని అడగండి. అడిగితే తప్పేం లేదు.